మా మావయ్య, ఆ మూత్రం సైంటిస్టు

మా మావయ్యకి గోల్డ్‌వాసర్ అంటే కోపం.

అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం చేసుకునే మనిషికి, జన్మలో చూడని షికాగోలో ఎవరో బయోకెమిస్టు మీద కోపమేంటని మా ఇంటికి కొత్తగా వచ్చిన అల్లుళ్ళూ కోడళ్ళూ నవ్వేవాళ్ళు. పరాయివాడి మీద వచ్చే కోపం కాదది. బాగా కావలసినవాడు చేతికొచ్చిన సొమ్ము వదిలేసుకుంటే వస్తుందే, ఆ రకం. దాని గురించి చెప్పాలంటే ముందు తుఫాను గురించి చెప్పాలి.

1996 నవంబరు 6. కోనసీమలో ఆ రాత్రి ఉన్నవాళ్ళెవరికీ ఆ తేదీ గుర్తు చెయ్యక్కర్లేదు. తెల్లారేసరికి మావయ్య తోటలో సగానికి పైగా చెట్లు నేలమీద పడున్నాయి, నిలబడ్డవాటికి మొవ్వులు విరిగిపోయాయి. వరి పోతే దాళ్వాకి సర్దుకుందాం అనుకోవచ్చు, కొబ్బరికి అలా కుదరదు కదా, మొక్క పెట్టి మళ్ళీ దింపు తియ్యాలంటే ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. అందుకని ఆ తర్వాత ఏడాదీ రెండేళ్ళలో మావయ్య నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతుంటే, ముఖం పాలిపోతుంటే, అన్నం సయించటం లేదంటుంటే అందరం బెంగే అనుకున్నాం. "చెట్లు పోయిన దిగులురా, అదే తగ్గుతుంది" అనేది అమ్మమ్మ. కాళ్ళు వాచాక అమలాపురంలో రక్తపరీక్ష చేయిస్తే, కిడ్నీలు చెడితే పెరిగే క్రియాటినిన్ ఎక్కడో ఉంది, హిమోగ్లోబిన్ అయిదు. ఏళ్ళ తరబడి పట్టించుకోని బీపీ రెండు కిడ్నీలనీ తినేసింది.

"కిడ్నీ పోతే ఒంటికి నీరు పట్టాలి గానీ రక్తం ఎందుకు పోతుందిరా అబ్బాయ్? నాకెక్కడా దెబ్బ తగల్లేదు, మొలల్లేవు, మరి ఆ రక్తమంతా ఎటు పోయినట్టు?"

చాలా మంచి ప్రశ్న. కాకినాడలో డయాలసిస్ మొదలుపెట్టిన ఆసుపత్రిలో దానికి జవాబు చెప్పే తీరిక ఎవరికీ లేదు. చీటీ రాసిచ్చేవారు, వారానికి రెండుసార్లు రమ్మనేవారు, అంతే. నేను అప్పటికి ఆంధ్రా యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసొచ్చి డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. ఇంట్లో ఆ చదువు చదివింది నేనొక్కణ్ణే కాబట్టి మావయ్య ప్రశ్నలన్నీ నాకే వచ్చేవి, ఆయనకి తోడు వెళ్ళే డ్యూటీ కూడా ఎక్కువగా నాకే పడేది.

యానాం-ఎదుర్లంక వంతెన అప్పటికింకా పూర్తి కాలేదు. అంబాజీపేట నుంచి అమలాపురం, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక దాకా బస్సు, అక్కడ దిగి పంటు మీద గౌతమి దాటితే యానాం, అక్కణ్ణుంచి మళ్ళీ కాకినాడ బస్సు. పొద్దున్నే గోదారి మీద గాలికి మావయ్యకి ఒణుకొచ్చేది, ఒంట్లో రక్తం లేదు కదా, రోహిణీ కార్తెలో కూడా శాలువా కప్పుకుని కూర్చునేవాడు. తిరుగు ప్రయాణంలో మరీ నీరసంగా ఉంటే కారు మాట్లాడుకుని రావులపాలెం చుట్టు తిరిగి వచ్చేవాళ్ళం, ఆ దారిలో లారీలకి ఎక్కించే అరటిగెలలు చూసి "అదీ తినకూడదు నేను" అనేవాడు. ఆవకాయ వద్దు, పనస వద్దు, అవన్నీ ఎలాగో సర్దుకున్నాడు. సర్దుకోలేనిది కొబ్బరినీళ్ళు. కిడ్నీలు పనిచెయ్యనివాళ్ళ ఒంట్లో పొటాషియం బయటికి పోక పేరుకుపోతుంది, మరీ ఎక్కువైతే గుండె ఆగిపోవచ్చు, కొబ్బరినీళ్ళ నిండా అదే. వచ్చిన ప్రతివాడికీ బొండాం కొట్టించి చేతిలో పెట్టే మనిషి, చుట్టూ కాయల రాశులు పెట్టుకుని, తను మాత్రం ఒక గుక్క తాగడానికి లేదు. అత్తయ్య కాపలా కూడా అలాంటిది, ఒలుపు కూలీలందరికీ చెప్పి పెట్టింది, అయ్యగారు బొండాం అడిగితే ఇవ్వద్దని.

ఆ రక్తం ఎటుపోయిందో పంటు మీద కూర్చుని ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఒంట్లో ఎర్రకణం బతికేది 120 రోజులు. పోయినవాటి చోట ఎముకల్లోని మూలుగ సెకనుకి 20 లక్షల లెక్కన కొత్తవి చేస్తూ ఉండాలి. ఆ పని చెయ్యమని మూలుగకి కబురు పెట్టేది కిడ్నీ. రక్తంలో ఆక్సిజన్ తగ్గిందని కిడ్నీలోని కొన్ని కణాలు పసిగట్టి ఒక హార్మోన్ వదుల్తాయి, దాని పేరు ఎరిత్రోపాయిటిన్, అది రక్తంలో కలిసి మూలుగకి చేరి అక్కడ ఎదుగుతున్న ఎర్రకణాలు సగంలోనే చచ్చిపోకుండా కాపాడుతుంది. కిడ్నీలు పోతే ఆ కబురు ఆగిపోతుంది. డయాలసిస్ మిషన్ రక్తాన్ని కడుగుతుంది గానీ హార్మోన్ తయారుచెయ్యలేదు కదా. మావయ్య అంతా విని, "అయితే ఆ మందేదో బయట దొరకదా?" అన్నాడు.

దొరుకుతుంది, కానీ మొదట్లో మాకు రక్తం ఎక్కించడమే తెలుసు. ఊళ్ళో కుర్రాళ్ళు వంతులు వేసుకుని వచ్చి ఇచ్చేవాళ్ళు, వాళ్ళ పేర్లు ఇప్పటికీ అత్తయ్యకి కంఠతా వచ్చు. ఎక్కించినప్పుడు నాలుగు రోజులు బావుండేది, మళ్ళీ మామూలే. అలా ఎక్కిస్తూ పోతే ఒంట్లో ఇనుము పేరుకుంటుంది, కామెర్ల వైరస్ భయం ఒకటి, రేపు ఎవరిదైనా కిడ్నీ పెట్టాలంటే ఒళ్ళు దాన్ని ఒప్పుకోకపోవడం ఇంకోటి. చివరికి డాక్టరుగారు ఇంజెక్షన్ రాశారు. డయాలసిస్ పేషెంట్లు దాన్ని "రక్తం ఇంజెక్షన్" అనేవాళ్ళు. అప్పట్లో బయటి దేశాల సరుకే, ధర వింటే మావయ్య వెంటనే కాయల్లోకి మార్చుకునేవాడు, ఒక ఇంజెక్షన్ అంటే ఇన్ని వందల కాయలు అని. తోట పడిపోయి ఉన్న రోజులు. రెండెకరాల చేను అమ్మకానికి పెట్టాల్సొచ్చింది. పైగా అది 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి, మావూళ్ళో కరెంటేమో చెప్పిన టైముకి పోదు, చెప్పిన టైముకి రాదు. కాకినాడ నుంచి థర్మాస్ ఫ్లాస్కులో ఐసు వేసి పంటు మీద తెచ్చేవాణ్ణి, ఇంటికొచ్చి మూత తీసేదాకా టెన్షనే. తర్వాత్తర్వాత మందులషాపు ఆయన తెప్పించి పెట్టేవాడు, "ఆయ్, రాత్రంతా కరెంటు లేదండి, కానీ ఫ్రిజ్ తలుపు తియ్యలేదండి" అని ఒట్టు వేసినట్టు చెప్పేవాడు.

అంత ఖరీదు పెట్టి కొంటున్నాం కాబట్టి, వ్యాపారస్తుడికి సహజంగా వచ్చే ప్రశ్న వచ్చింది. "దీన్ని ఎవడు తయారుచేశాడ్రా?"

మా క్లాసులో ఎరిత్రోపాయిటిన్ అంటే ఒక్క పేరా. కిడ్నీలో తయారయ్యే హార్మోన్, ఎర్రకణాల ఉత్పత్తికి అవసరం, రెండు మార్కుల ప్రశ్న. దాని వెనక మనిషి ఎవరో నాకూ తెలీదు. విశాఖపట్నం వెళ్ళినప్పుడల్లా యూనివర్సిటీ లైబ్రరీలో పాత జర్నల్స్ తిరగేసి, ఇంకొన్నాళ్ళకి అమలాపురంలో ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాక అక్కడ కూర్చుని వెతికి, దొరికిందల్లా మావయ్యకి చేరవేసేవాణ్ణి. ఆయనకది సీరియల్ అయిపోయింది. నిజం చెప్పాలంటే నాకూ.

రక్తంలో ఇలాంటి హార్మోన్ ఉండి ఉండాలని 1906లోనే పారిస్‌లో కార్నో, డెఫ్లాండ్ర్ అని ఇద్దరు అన్నారు. కొంత రక్తం తీసేసిన కుందేలు సీరం, అంటే కణాలు లేని రక్తద్రవం, ఇంకో కుందేలుకి ఎక్కిస్తే దానికి ఎర్రకణాలు పెరిగాయన్నారు. మిగతావాళ్ళు చేస్తే సరిగ్గా రాలేదు. అలా ఉందా లేదా అన్న తగువు యాభై ఏళ్ళు నడిచింది. మన కథానాయకుడు యూజీన్ గోల్డ్‌వాసర్ పుట్టింది 1922లో, బ్రూక్లిన్‌లో. అమెరికాలో 1930ల మాంద్యం వచ్చి తండ్రి బట్టల వ్యాపారం దెబ్బతింటే ఆ కుటుంబం కాన్సస్ సిటీకి వెళ్ళిపోయింది. (ఇక్కడ మావయ్య "ఆహా" అన్నాడు, వ్యాపారం పోయిన ఇంట్లోంచి వచ్చాడనగానే ఆయన మీద అభిమానం మొదలైంది.) షికాగో యూనివర్సిటీలో చదివి, 1950లో బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ తీసుకుని, కోపెన్‌హాగెన్ వెళ్ళొచ్చి మళ్ళీ షికాగోలోనే చేరాడు. అక్కడ లియోన్ జేకబ్‌సన్ అని ఒక పెద్ద డాక్టరు. అణుబాంబు ప్రాజెక్టులో పనిచేసేవాళ్ళ ఆరోగ్యం చూసిన మనిషి, రేడియేషన్ తగిలితే ముందు దెబ్బతినేది మూలుగే అని బాగా తెలిసినవాడు. 1955లో ఆయన ఈ కుర్రాణ్ణి పిలిచి, ఆ హార్మోన్ సంగతేదో తేల్చమన్నాడు. కొద్ది నెలల పని అనుకుని దిగాడు గోల్డ్‌వాసర్.

ముందు అది ఒంట్లో ఎక్కడ తయారవుతుందో తెలియాలి. వాళ్ళు పట్టుకున్న దారి మొరటుగానే ఉంటుంది కానీ తెలివైనది. ఎలుకలకి ఒక్కో అవయవం తీసేస్తూ వచ్చారు. తీశాక ఒంట్లో రక్తం తగ్గేలా చేసి హార్మోన్ పెరుగుతోందా లేదా అని చూశారు. ఏది తీసినా పెరిగింది, కిడ్నీలు తీస్తే మాత్రం పెరగలేదు. కిడ్నీలు పోయి ఒళ్ళు విషమెక్కడం వల్ల అలా జరిగిందేమో అన్న అనుమానం రాకుండా, ఇంకొన్ని ఎలుకలకి కిడ్నీలు ఉంచి మూత్రనాళాలు మాత్రం కట్టేశారు. వాటికీ విషం ఎక్కుతుంది, కానీ హార్మోన్ వచ్చింది. 1957లో ఆ సంగతి 'నేచర్' పత్రికలో వేశారు. మావయ్యకి ఆ మూత్రనాళాలు కట్టెయ్యడం తెగ నచ్చింది. "అదీ లెక్క సరిచూసుకోవడమంటే" అన్నాడు.

ఎక్కడ తయారవుతుందో తెలిసింది, ఇక దాన్ని శుద్ధంగా పట్టుకోవాలి. అసలు కష్టం అక్కడుంది. మామూలు మనిషి రక్తంలో అది ఉండీ లేనట్టు ఉంటుంది. అందుకని గొర్రెలకి మందిచ్చి రక్తహీనత తెప్పించారు, అలా చేస్తే హార్మోన్ ఎక్కువ వస్తుందని. కబేళాలో వాటి రక్తం పట్టి, ప్లాస్మా తీసి, దాన్ని వడగట్టి, విడగొట్టి, మళ్ళీ విడగొట్టి. ప్రతి మెట్టులోనూ ఏ ముక్కలో హార్మోన్ ఉందో తెలుసుకోవాలంటే కంటికి కనిపించదు, ఎలుకకి ఎక్కించి, రేడియోధార్మిక ఇనుము ఇచ్చి, అది ఎర్రకణాల్లోకి ఎంత చేరిందో కొలవాలి. ఒక్కో పరీక్షకి రోజులు. తప్పు ముక్క పారబోస్తే అంతా పోయినట్టే. నేను ఎమ్మెస్సీలో ఒక మామూలు ఎంజైమ్‌ని శుద్ధి చెయ్యడానికే తలపట్టుకున్నవాణ్ణి, ఈయన ఏళ్ళ తరబడి అదే చేశాడు. 1971 నాటికి గొర్రెల ప్లాస్మా నుంచి కాస్త పట్టుకోగలిగాడు, మరీ అణువంత. మనిషి హార్మోన్ మాత్రం ఇంకా దొరకలేదు.

ఇక్కడొచ్చింది మావయ్య జీవితాంతం చెప్పుకున్న ఘట్టం. ఎప్లాస్టిక్ ఎనీమియా అని ఒక జబ్బు, అందులో మూలుగే పనిచెయ్యదు. కిడ్నీలు బాగానే ఉంటాయి కాబట్టి హార్మోన్ వదుల్తూనే ఉంటాయి, వినేవాడు లేడు. అలా మిగిలిపోయిన హార్మోన్ కొంత మూత్రంలోకి వచ్చేస్తుంది. జపాన్‌లో కుమమోటో యూనివర్సిటీలో తకాజీ మియాకే అనే ఆయన అలాంటి పేషెంట్ల మూత్రం పోగుచేస్తూ వచ్చాడు. ఎంత? 2,550 లీటర్లు. దాన్నంతా ఎండబెట్టి, మిగిలిన పదార్థాన్ని పట్టుగుడ్డలో మూటకట్టుకుని 1975లో షికాగో వెళ్ళి గోల్డ్‌వాసర్ చేతిలో పెట్టాడు. ఇద్దరూ కలిసి శుద్ధి చేశారు. 1977లో ఫలితం ప్రకటించారు. చివరికి చేతికొచ్చిన శుద్ధమైన మనిషి ఎరిత్రోపాయిటిన్ 8 మిల్లీగ్రాములు.

"మూత్రమా?" అన్నాడు మావయ్య. పంటు మీద పక్కన సైకిళ్ళు పట్టుకుని నిలబడ్డవాళ్ళు తిరిగి చూశారు. "నేను చేను అమ్ముకుని పొడిపించుకుంటున్నది మూత్రమా?" కాదు మావయ్యా, నీకు ఇచ్చేది వేరేలా తయారవుతుందని చెప్పేలోపే నవ్వు మొదలైంది, ఆయాసం వచ్చేదాకా నవ్వాడు. ఆ రోజు నుంచి గోల్డ్‌వాసర్ పేరు మా ఇంట్లో "మూత్రం సైంటిస్టు" అయిపోయింది. నవ్వు ఆగాక మాత్రం జేబులోంచి కాగితం తీశాడు. మిల్లీగ్రాముకి ఎన్ని యూనిట్లు అని అడిగాడు. ఆ శుద్ధ పదార్థం మిల్లీగ్రాముకి సుమారు 70,000 యూనిట్లు. ఎనిమిది మిల్లీగ్రాములంటే 5,60,000. ఆయన వాడేది 4,000 యూనిట్ల ఇంజెక్షన్, అంటే 140 ఇంజెక్షన్లు. వారానికి రెండు చొప్పున 70 వారాలు. కాగితం వంక చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. రెండు దేశాలవాళ్ళు కలిసి, ఇరవై ఏళ్ళ పైన కష్టపడి, రెండున్నర వేల లీటర్లు వడగడితే వచ్చింది తన ఒక్కడికి ఏడాదిన్నరకి కూడా సరిపోదు.

"ఓపికంటే వాడిదిరా. మనం కురిడీ కట్టడానికి కాయని అటక మీద పెట్టి, నీరంతా ఇంకి గుడుక్కుమనేదాకా కదపకుండా ఆగుతామే, ఏడాదికే మనకి ప్రాణం పోతుంది. వీడు ఇరవై ఏళ్ళు ఆగాడు."

అంతవరకూ అభిమానమే. కోపం డబ్బు దగ్గర వచ్చింది.

ఆ 8 మిల్లీగ్రాములతో మందు చెయ్యలేరు, కానీ ఆ ప్రొటీన్ అమరిక ఎలా ఉందో చదవచ్చు, అది తెలిస్తే దాని జన్యువుని వెతకొచ్చు. కాలిఫోర్నియాలో ఆమ్‌జెన్ అని అప్పుడే పుట్టిన చిన్న కంపెనీ. గోల్డ్‌వాసర్ తన శుద్ధ పదార్థాన్ని వాళ్ళకి ఇచ్చాడు. అక్కడ తైవాన్ నుంచి వచ్చిన ఫూ-కుయెన్ లిన్ అనే ఆయన 1983లో జన్యువుని పట్టుకున్నాడు, అది కూడా మామూలు పనేం కాదు, అందరూ కాదన్న పని. ఆ జన్యువుని చిట్టెలుక జాతి జంతువు అండాశయ కణాల్లో పెడితే అవి ఎరిత్రోపాయిటిన్‌ని కావలసినంత తయారుచేశాయి. సియాటిల్‌లో ఎష్‌బాక్ అనే డాక్టరుగారి బృందం డయాలసిస్ పేషెంట్లు 25 మందికి ఇచ్చి చూసి 1987లో ఫలితాలు ప్రకటించింది, రక్తం ఎక్కించుకుంటూ బతికేవాళ్ళకి ఇక ఎక్కించాల్సిన అవసరం లేకుండా పోయింది. 1989 జూన్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ చిన్న కంపెనీ పెద్ద కంపెనీ అయిపోయింది, ఆ ఒక్క మందు మీద ఏడాదికి వందల కోట్ల డాలర్లు.

"మరి మనవాడికెంత వచ్చింది?"

ఏం రాలేదు. శుద్ధి చేసినప్పుడు పేటెంటు పడలేదు. కంపెనీకి వచ్చిన దాంట్లో ఆయనకి వాటా లేదు. జీతం తీసుకుంటూ అదే యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయాడు.

ఇక చూడాలి మావయ్యని. "సరుకు చూపించి, సంచి కట్టి, రేటు మాట్లాడకుండా ఇచ్చేశాడా? కాగితం మీద సంతకం కూడా లేదా? పెళ్ళాం పిల్లలు లేరా వాడికి?" అని ఎదురుగా ఉన్న గుమాస్తాని తిట్టినట్టు తిట్టాడు. "కోట్లు అక్కర్లేదురా, ఇంజెక్షన్‌కి పైసా చొప్పున రాయించుకుంటే చాలదూ? ఒక్క పైసా!" నేను ఆయన తరఫున వకాల్తా పుచ్చుకునేవాణ్ణి, అవి వేరే రోజులు మావయ్యా, ప్రభుత్వం డబ్బుతో చేసిన పని మీద పేటెంటు అడగాలన్న ఆలోచన ప్రొఫెసర్లకి పెద్దగా ఉండేది కాదు, ఆయనకి కావలసింది ఆ హార్మోన్ ఏమిటో తెలుసుకోవడం, తెలుసుకున్నాడు, పైగా పేటెంటు ఆయనకి ఉంటే మనకి ఇంజెక్షన్ చవగ్గా వచ్చేదేం కాదు. మావయ్య ఒప్పుకోలేదు. మందు ఖరీదు ఎక్కువన్న బాధ కంటే, ఆ ఖరీదులో పైసా కూడా అసలు మనిషికి చేరలేదన్న బాధ ఆయనకి ఎక్కువగా ఉండేది. నేను వాదించేవాణ్ణే గానీ, ఇప్పుడు ఆలోచిస్తే మావయ్య వైపే న్యాయం ఎక్కువ ఉందనిపిస్తుంది. కంపెనీ రిస్కు తీసుకుంది, నిజమే. లిన్ కష్టం తక్కువది కాదు. కానీ ఆ 8 మిల్లీగ్రాములు లేకపోతే వాళ్ళు దేన్నిబట్టి వెతికేవాళ్ళు?

ఇంజెక్షన్ పనిచేసిన సంగతి చెప్పనే లేదు. మొదటి వారాల్లో ఏం తేడా లేదు, "మూత్రమే" అని నవ్వేవాడు. తర్వాత ఒకరోజు పంటు మీద శాలువా మడిచి చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. నేను గమనించాను, ఆయన గమనించలేదు. ఇంకొన్నాళ్ళకి గొడౌనుకి వెళ్ళడం మొదలుపెట్టాడు, కుర్చీలో కూర్చుని దింపు లెక్కలు చూసుకోవడం, కాయ సైజు మీద బేరగాళ్ళతో తగువులాడటం. ఆ తగువు వినిపిస్తుంటే అత్తయ్య వంటింట్లోంచి "మనిషి బాగుపడ్డాడు" అంది. హిమోగ్లోబిన్ పది దాటింది. ఇంకేం, ఆశ పెరిగింది, "పదిహేను చెయ్యమనరా, డబ్బు నేనిస్తాను" అని మొదలుపెట్టాడు. డాక్టరుగారు ససేమిరా అన్నారు. పదకొండు దగ్గర చాలు, అంతకు మించితే బీపీ పెరుగుతుంది, రక్తం చిక్కబడి గడ్డకడుతుందన్నారు. ఆ డాక్టరుగారు ముందుచూపున్న మనిషి, హిమోగ్లోబిన్‌ని మామూలు మనిషి స్థాయికి పెంచాలని చూస్తే మేలు జరగకపోగా గుండెకి ప్రమాదం పెరుగుతోందని తర్వాత 2006లో పెద్ద పరిశోధనలు కూడా చెప్పాయి. సైకిల్ పందేల వాళ్ళు దమ్ము పెరగడానికి దొంగతనంగా ఇదే మందు వాడేవాళ్ళని చెబితే మావయ్య ముక్కున వేలేసుకున్నాడు. "ఉన్నవాడికి ఇంకా కావాలి" అన్నాడు, తను పదిహేను అడిగిన సంగతి మర్చిపోయి.

ఇంజెక్షన్ ఒక్కటీ ఇస్తే సరిపోదు. మూలుగకి కబురు చేరినా ఇనుము లేకపోతే ఎర్రకణం తయారవదు, అందుకని ఇనుము కూడా నరానికి ఎక్కించేవారు. దాంతోపాటు రోజూ ఒక ఫోలిక్ యాసిడ్ బిళ్ళ, చీటీలో అన్నిటికంటే చవక మందు. ఆ బిళ్ళ వెనక మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఉన్నారని చెబితే మావయ్య నమ్మలేదు. అన్నదమ్ముల్ని స్ప్రూ అనే జబ్బుకి పోగొట్టుకున్న ఆయన, అమెరికా వెళ్ళి, లెడర్లీ కంపెనీలో పెద్ద బృందాన్ని నడిపించి 1940లలో ఆ ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబులో తయారుచేయించారు. కిడ్నీ పేషెంట్లకి మాటిమాటికీ చేసే ఫాస్ఫరస్ పరీక్ష ఉందే, దానికి ఫిస్క్ అనే సైంటిస్టుతో కలిసి సుబ్బారావుగారు 1925లో చెప్పిన పద్ధతిని మేం ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో చేశాం, నీలం రంగు ఎంత వచ్చిందో చూసి లెక్కకట్టడం. మావయ్య మాత్రం ఇదంతా విని అడిగింది ఒకటే. "ఈయనైనా డబ్బు తీసుకున్నాడా?" ఏం చెప్పను, ఆయనా పెద్దగా మిగుల్చుకోలేదు మావయ్యా అంటే, "మీ బయోకెమిస్ట్రీ వాళ్ళంతా ఇంతేరా, నువ్వన్నా జాగ్రత్త" అన్నాడు. నేను డిగ్రీ కాలేజీ లెక్చరర్ని, నాకు ఆ ప్రమాదం లేదు.

యానాం వంతెన వచ్చాక పంటు ప్రయాణాలు పోయాయి. మన దేశం కంపెనీలే ఇంజెక్షన్ తయారుచెయ్యడం మొదలుపెట్టాక ధర బాగా దిగింది, మిగిలిన చేను మిగిలింది. తుఫాను తర్వాత పెట్టిన మొక్కలు కాపుకి వచ్చాయి, మొదటి దింపు మావయ్య దగ్గరుండి తీయించుకున్నాడు. ఆ తర్వాత గుండెపోటుతో పోయాడు, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళలో చాలామంది అలాగే పోతారు. ఆరోగ్యశ్రీ వచ్చింది ఆయన పోయాకే. ఇప్పుడు కోనసీమ వాళ్ళు అంతంత దూరాలు వెళ్ళక్కర్లేకుండా డయాలసిస్ దగ్గర్లోనే దొరుకుతోంది, ఇంజెక్షన్ కోసం ఎవరూ చేను అమ్ముకోవడం లేదు.

గోల్డ్‌వాసర్ 2010 డిసెంబరు 17న పోయాడు, 88 ఏళ్ళు. ఆ వార్త నెట్‌లో చదివినప్పుడు చెప్పుకోవడానికి మావయ్య లేడు, అత్తయ్యకి ఫోన్ చేసి చెప్పాను. "అయ్యో, పోయాడా" అని, "ఎవరూ చూసేవాళ్ళు ఉన్నారో లేదో" అంది. ఆక్సిజన్ తగ్గిందని కణాలకి ఎలా తెలుస్తుందో కనిపెట్టినందుకు 2019లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు, వాళ్ళలో సెమెంజా, రాట్‌క్లిఫ్ ఇద్దరూ మొదలుపెట్టింది ఎరిత్రోపాయిటిన్ జన్యువుతోనే. పేపర్లో గోల్డ్‌వాసర్ పేరు ఎక్కడైనా వేశారేమో అని వెతికాను. లేదు. మావయ్య ఉంటే ఆ పూట అన్నం తినకుండా తిట్టేవాడు.

ఈమధ్య మా దూరపు చుట్టం ఒకావిడకి డయాలసిస్ మొదలైతే చూడ్డానికి వెళ్ళాం. రక్తం ఇంజెక్షన్ రాశారట, ఆవిడ భయపడుతోంది. అత్తయ్య మంచం పక్కన కూర్చుని ధైర్యం చెబుతూ కథ మొదలెట్టింది. జపాన్‌లో ఒక సైంటిస్టు ఉండేవాడట, పట్టుగుడ్డలో మూట కట్టుకుని ఓడ ఎక్కి అమెరికా వెళ్ళాడట, ఇరవై ఏళ్ళు కష్టపడి ఈ మందు కనిపెట్టాడట. ఇద్దర్నీ కలిపి ఒకణ్ణి చేసేసింది, పోనీలే అనుకున్నాను. అంతటితో ఆగలేదు. "కంపెనీ వాళ్ళు మంచివాళ్ళమ్మా, ఇంజెక్షన్‌కి పైసా చొప్పున ఆయనకి రాసిచ్చారు, ఇప్పటికీ ఆయన పిల్లలకి నెలనెలా పంపుతున్నారు" అంది.

"అలా ఎక్కడ జరిగింది అత్తయ్యా, ఆయనకి ఏమీ రాలేదు కదా" అన్నాను.

"నువ్వూరుకో, నీకేం తెలుసు. మీ మావయ్య నాకు స్వయంగా చెప్పారు" అంది.